అరుదైన స్పోర్ట్స్ కార్ల రేట్లు: ఇది బలుపా, వాపా? ముగ్గురం కలిసి ఒకటి కొందామనుకుంటున్నాం

ఎయిర్‌కూల్డ్_అభిమాని

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

నాకు పోర్షే 911 కార్లలో 993 అనే తరం బండి అంటే పిచ్చి. గాలితో చల్లబడే ఇంజన్ ఉన్న ఆఖరి 911 అదే, 1998తో ఆగిపోయింది. ఆరేళ్ళ కిందట మాన్యువల్ గేర్లున్నది ఒకటి అమ్మకానికి వస్తే వెళ్ళి చూశాను, నడిపాను కూడా. క్లచ్ కొంచెం బరువనిపించింది, అంతకు మించి వంక పెట్టడానికేమీ లేదు. అయినా "ఇంత పాత కారుకి ఇంత రేటా" అని పెద్ద తెలివైనవాడిలా వదిలేసి వచ్చాను. మొన్న అలాంటిదే ఇంకోటి కనపడింది. రేటు చూస్తే అప్పటి డబ్బుకి ఇప్పుడు సగం కారే వస్తుంది, అదీ ముందు సగమైతే ఇంజన్ కూడా రాదు, దీనికి ఇంజన్ వెనకుంటుంది కదా.

ఇక పైన జరిగేవి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. 2018లో వేలంలో ఫెరారీ 250 జీటీఓ 48.4 మిలియన్ డాలర్లు. 2021లో మెక్‌లారెన్ ఎఫ్1 20 మిలియన్ డాలర్ల పైన. 2022లో మెర్సిడెస్ వాళ్ళు తమ దగ్గర ఉన్న రెండు 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉలెన్‌హౌట్ కూపేల్లో ఒకటి అమ్మితే 135 మిలియన్ యూరోలు. అవి మన లెవెల్ కాదని తెలుసు, కానీ పై కొమ్మ ఊగితే కింది కొమ్మలూ ఊగుతాయి కదా.

ఇప్పుడు నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఈ 993 కొని, ఐదేళ్ళు జాగ్రత్తగా దాచి, అమ్మేసి పంచుకుందామని ప్లాన్. ఒకడు తన వాటా కోసం పర్సనల్ లోన్ తీసుకుంటానంటున్నాడు. అసలు ఈ రేట్లు ఎందుకు ఇలా పెరుగుతున్నాయి, ఇంకా పెరుగుతాయా, మేం చేస్తున్నది తెలివైన పనేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

జిగురు_బటన్లు

మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి: లోన్ తీసుకుంటానన్న ఫ్రెండ్‌ని ముందు ఆపండి. మిగతా సంగతి తర్వాత.

నా దగ్గర పద్నాలుగేళ్ళుగా ఒక ఫెరారీ ఎఫ్355 ఉంది, ఆరు గేర్ల మాన్యువల్. నేను కొన్నప్పుడు దాన్ని అడిగేవాడు లేడు, ఇప్పుడు నెలకొకడు అమ్ముతావా అని మెసేజ్ పెడుతున్నాడు. చూసినవాళ్ళంతా "అదృష్టం అంటే నీదే, ఎన్ని రెట్లయిందో" అంటారు. బిల్లుల ఫైలు మాత్రం ఎవరూ అడగరు. ఈ బండికి టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాలి, కొన్నేళ్ళకోసారి తప్పదు, నడిపినా నడపకపోయినా. దించాక ఎలాగూ దించాం కదా అని వాటర్ పంపు, హోసులు, క్లచ్ కూడా చూస్తారు, చూస్తే వదలరు. ఒక ఏడాది ఆ ఒక్క సర్వీసు బిల్లుకి మామూలు ఫ్యామిలీ కారు వచ్చేది.

నా యూజర్ నేమ్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. అప్పటి ఫెరారీల్లో డ్యాష్‌బోర్డు బటన్ల మీద మెత్తటి పూత ఒకటి ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ అది కరిగి జిగురైపోతుంది. ఏసీ బటన్ నొక్కితే వేలు అతుక్కుంటుంది, వేలు తీస్తే మీద ఉన్న బొమ్మ వేలితో పాటు వస్తుంది. ఎప్పుడో ఒకసారి బయటికి తీసే బండి అని గుడ్డ కప్పి ఉంచితే లోపల జరిగింది ఇది. దాచిపెడితే చెడిపోదు అనేది బంగారానికి చెల్లుతుంది. కారు అలా కాదు, కదలకుండా ఉంచితే సీళ్ళు ఎండుతాయి, బ్రేకులు పట్టేస్తాయి, పెట్రోలు పాతబడుతుంది.

నేను కూర్చుని లెక్క వేశాను, ఇన్సూరెన్సు, సర్వీసు, గ్యారేజీ అద్దె అన్నీ కలిపితే పెరిగిన దాంట్లో సగం పైన తినేసింది. బాధ లేదు, నేను తోలాను కాబట్టి. 8,500 ఆర్‌పీఎం దాకా దాని గొంతు విన్నాను. మీరు తోలకుండా దాచుతారట, ఖర్చు అదే, సుఖం మాత్రం సున్నా.

తొంభైల_సాక్షి

పెరగడం ఒక్కటే చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి పడిపోయిన కథ చెప్తాను.

1988 ఆగస్టులో ఫెరారీ కంపెనీ పెట్టిన ఎన్‌జో ఫెరారీ చనిపోయాడు. జనానికి ఒక్కసారిగా "ఆ పెద్దాయన చేతి బళ్ళు ఇక రావు" అన్న ఆలోచన పట్టుకుంది. అప్పటికే జపాన్‌లో డబ్బు పొంగుతోంది, స్టాకులు, భూములు, పెయింటింగులు, వాటితో పాటే ఎర్ర కార్లు. ఆయన బతికుండగా వచ్చిన ఆఖరి మోడల్ ఎఫ్40, మొదట 400 చేద్దామనుకున్నారు. కారు చేతికి రాకముందే ఆర్డర్ కాయితాన్నే లాభానికి అమ్ముకున్నవాళ్ళున్నారు. ఇదే 250 జీటీఓ 1990 ప్రాంతంలో 10 మిలియన్ డాలర్లు దాటింది. తర్వాత వడ్డీలు పెరిగాయి, జపాన్ బుడగ పగిలింది, కొన్నేళ్ళలోనే ఆ జీటీఓ రేటు మూడో వంతుకి దిగిపోయింది. పాత రేటు మళ్ళీ కనపడేసరికి పదిహేనేళ్ళకి అటూ ఇటూ పట్టింది. ఎఫ్40 కూడా 400తో ఆగలేదు, చివరికి 1,300 పైచిలుకు తయారయ్యాయి.

జీటీఓ అంటే ప్రపంచంలోకెల్లా గొప్ప కలెక్టర్ కారు, మొత్తం 36 మాత్రమే ఉన్న కారు, దాని కథే ఇది. రెండో వరస, మూడో వరస కార్ల సంగతి మీరే ఊహించుకోండి.

ఇంకా పాఠం కావాలంటే జాగ్వార్ ఎక్స్‌జే220 చూడండి. 1988 బర్మింగ్‌హామ్ షోలో వీ12 ఇంజన్, నాలుగు చక్రాల డ్రైవ్ అని చూపించారు. జనం 50,000 పౌండ్లు అడ్వాన్సు కట్టి క్యూ కట్టారు, వాళ్ళలో చాలామంది తోలదామని కాదు, తిప్పి అమ్ముదామని. 1992కి కారు తయారయ్యేసరికి ఇంజన్ వీ6 ట్విన్ టర్బో అయింది, డ్రైవ్ వెనక చక్రాలకే అయింది, రేటు 4,70,000 పౌండ్లయింది, మార్కెట్టేమో మునిగిపోయింది. క్యూలో నిలబడ్డవాళ్ళే మాకొద్దని కోర్టుకి వెళ్ళారు. 350 చేద్దామనుకున్నది 300 కూడా దాటలేదు. అరుదు అంటే ఇదీ అరుదే, ఎవరికీ అక్కర్లేక అరుదైంది.

న్యూట్రల్‌లో_నేను

ముగ్గురు కలిసి కారు కొన్న రోజు ఫొటో బాగుంటుంది. మూడో ఏడాది ఇంజన్ బిల్లు వచ్చినప్పుడు ముగ్గురిలో ఒకడి ఫోన్ స్విచాఫ్ ఉంటుంది. అనుభవం మీద చెప్తున్నా, మాది కారు కాదు, బోటు.

స్టిక్‌షిఫ్ట్_సీను

పై ఇద్దరూ బాగా భయపెట్టారు గానీ, 1990నీ ఇప్పటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. అప్పుడు ఆర్డర్ కాయితాలు చేతులు మారాయి, ఇప్పుడు పెరగడానికి అసలు కారణాలున్నాయి.

మొదటిది వయసు. పదిహేనేళ్ళప్పుడు గోడ మీద ఏ కారు పోస్టర్ ఉందో, యాభై ఏళ్ళప్పుడు చేతిలో డబ్బు ఆడితే మనిషి ఆ కారే కొంటాడు. అందుకే ఇప్పుడు 1980ల నుంచి 2000ల దాకా వచ్చినవి పరిగెడుతున్నాయి. తాతల కాలపు పెద్ద పేర్లు మినహాయిస్తే, 1930ల కార్లు చాలావాటికి కొనే మనిషిని వెతకాల్సి వస్తోంది. ఈ లెక్క ఒప్పుకుంటే దానికి రెండో వైపు కూడా ఒప్పుకోవాలి, మన తర్వాతివాళ్ళ గోడ మీద మీ 993 ఉందా లేదా అనేది ఎవరికీ తెలియదు, అది వేరే సంగతి.

రెండోది, కంపెనీలే ఇక చేయలేనివి. టర్బో లేని వీ12లు, వీ10లు, మూడు పెడళ్ళు, ఇవన్నీ కాలుష్య నిబంధనల వల్ల, ఆటోమేటిక్‌ల వేగం వల్ల పోతున్నాయి. ఫెరారీ మాన్యువల్ గేర్‌బాక్స్ ఎప్పుడో మానేసింది. దాంతో ఒకే మోడల్‌లో స్టీరింగ్ వెనక మీటలతో మారే ప్యాడిల్ గేర్లున్న దానికీ, మధ్యలో మెరిసే ఇనప గేట్‌లో కటక్ కటక్‌మని పడే గేర్ రాడ్ ఉన్న దానికీ రేటులో నమ్మలేనంత తేడా వస్తోంది. కొత్తలో మాన్యువల్ అడిగినవాణ్ణి చూసి నవ్వారు, అందుకే తక్కువ తయారయ్యాయి, అందుకే ఇప్పుడు ఆ రేటు.

లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ గుర్తుందా? 500 మాత్రమే చేశారు, 2012లో ఆపేశారు. 3,75,000 డాలర్లు పెట్టి లెక్సస్ ఎవడు కొంటాడని నవ్వారు, తయారీ ఆగిన చాలా ఏళ్ళకి కూడా అమ్ముడుపోని కొత్త బళ్ళు షోరూముల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు దాని రేటు చూడండి. పోర్షే కరెరా జీటీ కూడా అంతే, 1,270 చేశారు, కొన్నేళ్ళు కొత్త రేటు కంటే కిందికే దొరికింది, ఇప్పుడు మిలియన్ డాలర్ల పైమాటే.

మూడోది రూల్. అమెరికాలో 25 ఏళ్ళు దాటిన కారుని అక్కడి భద్రతా ప్రమాణాల గొడవ లేకుండా తెచ్చుకోవచ్చు. 1999లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్‌కి 2024లో ఆ తలుపు తెరుచుకుంది, తెరుచుకుంటుందని అందరికీ ముందే తెలుసు కాబట్టి రేటు ముందే పెరిగి కూర్చుంది. ఒక పెద్ద దేశం మొత్తం ఒక్కసారిగా కొనుగోలుదారుగా వస్తే అది వాపెలా అవుతుంది?

తొంభైల_సాక్షి

@స్టిక్‌షిఫ్ట్_సీను వాపు చూసి బలుపు అనుకోవద్దు అంటున్నానే గానీ, మొత్తం వాపే అని నేనెక్కడ అన్నాను. కానీ మీ లిస్టులో ఒకటి మర్చిపోయారు, చవక డబ్బు. 2020 నుంచి 2022 దాకా వడ్డీలు నేలమీద ఉన్నాయి, జనం ఇళ్ళలో కూర్చుని ఆన్‌లైన్ వేలాల్లో పాటలు పాడారు, అన్నీ కలిసొచ్చాయి. 2022లో వడ్డీలు లేచాక చాలా మోడళ్ళు మెత్తబడ్డాయి, అది మాత్రం ఎవరూ స్టేటస్ పెట్టుకోలేదు. ఎల్‌ఎఫ్‌ఏ అంటున్నారు సరే, ఇప్పుడు చూసి చెప్పడం ఎవరికైనా తేలికే. 2012లో షోరూములో దుమ్ము కొట్టుకుపోతున్నప్పుడు కొన్నారా మీరు?

స్టిక్‌షిఫ్ట్_సీను

కొనలేదు లెండి. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

గ్రీజు_చేతులు

ఇరవై ఏళ్ళుగా ఈ కార్ల కిందే పడుకుంటున్నాను, పెరుగుతాయా పడతాయా నాకు తెలియదు, తెలిస్తే ఇంకా కింద పడుకునేవాణ్ణి కాదు. కొనేముందు ఏం చూడాలో మాత్రం చెప్తాను, ఎందుకంటే ఒకే మోడల్, ఒకే రంగు, ఒకే ఏడాది రెండు కార్ల మధ్య రేటు రెండింతలు తేడా ఉండటం రోజూ చూస్తుంటాను. మనోళ్ళు "మోడల్ పెరిగింది" అంటారు, పెరిగేది ఎక్కువగా కాయితాలున్న బండే.

కారుకన్నా ముందు ఫైలు అడగండి. ఇంజన్ మీద చెక్కిన నంబరూ, ఛాసీ నంబరూ ఆ కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన నాటివేనా అన్నది మొదటి ప్రశ్న. మధ్యలో ఇంజన్ మార్చి ఉంటే బండి ఎంత బాగా పరిగెత్తినా కలెక్టర్ చెయ్యి వెనక్కి తీస్తాడు. ఏ రంగు, ఏ సీట్లు, ఏ ఆప్షన్లతో పుట్టిందో తయారుచేసిన కంపెనీ నుంచే రాయించి తెచ్చుకోవచ్చు, ఫెరారీ అయితే దానికి క్లాసికే అని ఒక విభాగమే పెట్టింది. సర్వీసు బుక్కులో కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయా చూడండి. ఒకసారి నా దగ్గరికొచ్చిన బండి మీటరు మీద 31,000 ఉంది, గ్లవ్ బాక్సులో అడుగున మడతపడ్డ పాత టైర్ల బిల్లు మీద 58,000 ఉంది. ఓనరు మొహం చూడాలి, పాపం ఆయనకీ తెలియదు, ఆయనకి అమ్మినవాడు మీటరు తిప్పాడు గానీ బిల్లు తీయడం మర్చిపోయాడు.

తర్వాత టైర్లు. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. 2309 అంటే 2009లో 23వ వారం. గాడులు కొత్తవాటిలా ఉన్నా అంత పాత రబ్బరు రాయైపోయి ఉంటుంది, దాంతో స్పీడుగా వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంకోటి, కిలోమీటర్లు తక్కువ అని మురిసిపోవద్దు, ఏడాదికి వంద కిలోమీటర్లు తిరిగిన దానికన్నా రెండు మూడు వేలు తిరిగి టైముకి ఆయిల్ మారిన బండే నా చేతికి నమ్మకం. 993 ఇంజన్‌కి కింద కాస్త ఆయిల్ చెమట మామూలే, చుక్క పడుతుంటే మాత్రం ఎక్కడి నుంచో కనుక్కునేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

పార్టుల సంగతి కూడా ఆలోచించండి. మెక్‌లారెన్ ఎఫ్1 మొత్తం 106 చేశారు, దాని ఎలక్ట్రానిక్స్ చూడటానికి 1990ల నాటి కాంపాక్ ల్యాప్‌టాపులు వెతికి దాచుకునేవాళ్ళు, కొత్త కంప్యూటర్‌తో అది మాట్లాడదు కాబట్టి. మీ 993కి అంత బాధ లేదు, పార్టులు దొరుకుతాయి, రేటే పోర్షే రేటు.

జిగురు_బటన్లు

గ్రీజు చేతులు అన్నది అక్షరాలా నిజం. నా బండికి ఒరిజినల్ టూల్ కిట్ బ్యాగు పోయింది, నాలుగు స్పానర్లూ ఒక తోలు సంచీ. అది మళ్ళీ సంపాదించడానికి పెట్టింది చెప్తే మా ఇంట్లో నాకు అన్నం పెట్టరు.

లెక్కల_మాస్టారు

ఎవరూ చెప్పని ఖర్చు ఒకటి, వేలం కమీషన్. ప్రశ్నలో 48.4 మిలియన్ జీటీఓ అన్నారు కదా, అక్కడ సుత్తి పడింది, అంటే పాట ఆగింది, 44 మిలియన్ దగ్గర. కొన్నవాడు దానిమీద మొదటి 2,50,000 డాలర్లకి 12 శాతం, ఆపై మొత్తానికి 10 శాతం అదనంగా కట్టాలి. అంటే 30,000 ప్లస్ 43.75 మిలియన్‌లో పదో వంతు 4.375 మిలియన్, మొత్తం 48.405 మిలియన్. పేపర్లో వచ్చే "రికార్డు ధర" ఈ కమీషన్ కలిపిన అంకె, అమ్మినవాడి చేతికొచ్చే అంకె కాదు. చిన్న ఆన్‌లైన్ వేలాల్లో కమీషన్ దీనికంటే తక్కువే గానీ, ఉండటం మాత్రం ఉంటుంది.

కాబట్టి మీరు ఇవాళ అలాంటి వేలంలో కొని రేపే అదే సుత్తి ధరకి అమ్మినా పదో వంతు నష్టంతో మొదలవుతారు. ఐదేళ్ళ ఇన్సూరెన్సు, సర్వీసు కలపండి, లోన్ వడ్డీ కలపండి, ముగ్గురితో భాగించండి. కారు కనీసం మూడో వంతు పెరిగితే తప్ప ముగ్గురూ పెట్టిన డబ్బు దగ్గరైనా నిలబడరని నా అంచనా. వేలంలో రిజర్వు రేటు, అంటే అమ్మేవాడు ముందే పెట్టుకున్న కనీస రేటు, రాక వెనక్కి వెళ్ళిపోయిన బళ్ళ గురించి వార్త రాదు, మనకి కనపడేది అమ్ముడైనవే.

ఎయిర్‌కూల్డ్_అభిమాని

ఇంత ఓపికగా రాసిన అందరికీ థాంక్స్. లోన్ అన్నవాడికి ఈ థ్రెడ్ లింకు పంపాను, చదివాడో లేదో గానీ "చూద్దాంలే" అన్నాడు. ఇంకో ఫ్రెండ్ కొత్త ఐడియా ఎత్తుకున్నాడు, పాతవి ఎందుకు, కంపెనీ కొత్తగా వదిలే లిమిటెడ్ ఎడిషన్ బుక్ చేసి సీల్ తీయకుండా పెడదాం అంటాడు. అదేమైనా నయమా?

తొంభైల_సాక్షి

ముందు మీకు ఇస్తే కదా. అవి ఎప్పటి నుంచో కొంటున్న పాత కస్టమర్లకే వెళ్తాయి. ఇచ్చినా షరతులుంటాయి. 2017లో కొత్త ఫోర్డ్ జీటీకి రెండేళ్ళు అమ్మకూడదని సంతకం పెట్టించుకున్నారు, రెజ్లర్ జాన్ సీనా ముందే అమ్మేస్తే ఫోర్డ్ ఆయన మీద కేసు వేసింది, 2018లో రాజీ అయ్యారు.

దానికన్నా పోర్షే 911 ఆర్ కథ వినమనండి మీ ఫ్రెండ్‌ని. 2016లో పోర్షే 991 కార్లు మాత్రమే అని వదిలింది, జీటీ3 ఆర్‌ఎస్ ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్, వెనక పెద్ద రెక్క లేదు. అప్పట్లో 911లో రేసు మార్కు మోడల్ అయిన జీటీ3కి మాన్యువల్ ఇవ్వడం లేదు కాబట్టి జనం ఎగబడ్డారు, లిస్టు ధరకి రెండు మూడింతలు అడిగారు, ఇచ్చారు కూడా. ఏడాది తిరిగేసరికి 2017లో పోర్షేనే మాన్యువల్ గేర్లతో జీటీ3 టూరింగ్ తెచ్చింది, అదీ రెక్క లేకుండా. చూడటానికి దాదాపు అదే కారు, ఇన్నే చేస్తామన్న పరిమితి లేదు. 911 ఆర్‌ని పై రేటులో కొన్నవాళ్ళ గొంతులో వెలక్కాయ. కంపెనీ బతికి ఉండి ఇంకా కార్లు చేస్తోందంటే, "ఇలాంటిది ఇక రాదు" అన్న మాట రాసిచ్చినా నమ్మకండి.

స్టిక్‌షిఫ్ట్_సీను

ఇది మాత్రం ఒప్పుకుంటా. అందుకే నేను తయారీ ఆగిపోయిన వాటినే చూస్తాను. బడ్జెట్ బిగుతుగా ఉంటే 993 తర్వాత వచ్చిన 996 మాన్యువల్ చూడండి, వేయించిన గుడ్డులాంటి హెడ్‌లైట్లని అందరూ వెక్కిరించారు కాబట్టి ఇప్పటికీ 911ల్లో అందుబాటులో ఉన్నది అదే. ఇంజన్ లోపల ఐఎంఎస్ (ఇంటర్మీడియెట్ షాఫ్ట్) బేరింగ్ మార్చారా లేదా అన్నది మాత్రం మొదట అడగండి, అది పోతే ఇంజనే పోతుంది.

గ్రీజు_చేతులు

బేరింగ్ మార్చాం అని నోటితో చెప్తే సరిపోదు, బిల్లు చూపించమనండి.

ఎయిర్‌కూల్డ్_అభిమాని

అప్‌డేట్. లోన్ ఫ్రెండ్ తప్పుకున్నాడు, రెండోవాడు లిమిటెడ్ ఎడిషన్ మాట మానేసి ఈ వారం క్రిప్టో గురించి మాట్లాడుతున్నాడు, కాబట్టి ముగ్గురం కాస్తా ఒక్కణ్ణే మిగిలాను. ఒక్కణ్ణి అయ్యాక దాచి అమ్మే ఆలోచన కూడా పోయింది, కొంటే వారం వారం తోలతాను.

నిన్న వెళ్ళి ఆ 993 చూశాను. వంగి టైరు మీద అంకెలు చదువుతుంటే అమ్మేవాడు కాస్త కంగారుపడ్డాడు, వెనక రెండూ 4111. ఫైలు అడిగితే పల్చటి కవరు ఒకటి ఇచ్చాడు, అందులో 2006 నుంచి 2013 మధ్య కాయితం ముక్క లేదు. ఇంజన్ నంబరు ఫొటో తీసుకోవచ్చా అంటే సాయంత్రం నేనే పంపిస్తానన్నాడు. ఇంకా రాలేదు. 996 ఒకటి ఉందట, శనివారం చూడటానికి వెళ్తున్నాను. @గ్రీజు_చేతులు గారూ, బేరింగ్ బిల్లు మీద సరిగ్గా ఏం రాసి ఉండాలో చెప్పగలరా?